గుండె ముప్పు కాలిక్యులేటర్లు: దీర్ఘకాలిక వైరస్‌ ఉన్నవారికి ఎంతవరకు నమ్మదగ్గవి?

వయసు, రక్తపోటు, కొలెస్టరాల్‌, పొగ అలవాటు వంటి కొన్ని వివరాలు నింపితే, రాబోయే పదేళ్లలో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చే అవకాశం నూటికి ఎంత ఉందో చెప్పే కాలిక్యులేటర్లు ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్నాయి. కొలెస్టరాల్‌ తగ్గించే స్టాటిన్‌ మాత్ర మొదలుపెట్టాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు వైద్యులు చాలావరకు చూసేది ఈ అంకెనే. ఈ సమీక్షలో వాటిలో ఐదింటిని తీసుకున్నాను: అమెరికాలో 2013లో వచ్చిన పూల్డ్‌ కోహార్ట్‌ ఈక్వేషన్స్‌, వాటికి బదులుగా అమెరికన్‌ హార్ట్‌ అసోసియేషన్‌ 2023లో తెచ్చిన ప్రివెంట్‌, బ్రిటన్‌వారి క్యూరిస్క్‌3, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సవరించిన ముప్పు పట్టికలు, హెచ్‌ఐవీ ఉన్నవారి కోసమే తయారుచేసిన డి:ఎ:డి. వీటిని సాధారణంగా మిగతా జబ్బులేవీ లేని మనిషిని దృష్టిలో పెట్టుకుని బేరీజు వేస్తారు. నేను మాత్రం ఒక్క ప్రశ్నే పెట్టుకుని చూశాను. హెచ్‌ఐవీ, హెపటైటిస్‌ సి వంటి వైరస్‌ ఒంట్లో ఏళ్ల తరబడి ఉన్న మనిషికి ఇవి చెప్పే అంకె ఏ మేరకు సరైనది?

ఇది అనవసరపు సందేహం కాదు. అమెరికా మాజీ సైనికుల్లో 82,459 మందిని పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, వయసు, పొగ, రక్తపోటు, మధుమేహం వంటి మామూలు కారణాల ప్రభావాన్ని పక్కకు తీసేశాక కూడా, హెచ్‌ఐవీ ఉన్నవారికి గుండెపోటు ముప్పు 48 శాతం ఎక్కువగా కనిపించింది. మందులతో వైరస్‌ అదుపులో ఉన్నవారిలో ఆ తేడా కొంత తగ్గి 39 శాతం దగ్గర ఆగిందే గానీ పూర్తిగా పోలేదు. 155 అధ్యయనాల ఫలితాలను కలిపి 2025లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం గుండె రక్తనాళాల జబ్బు ముప్పు హెచ్‌ఐవీ వల్ల దాదాపు 60 శాతం, హెపటైటిస్‌ సి వల్ల 27 శాతం, నరాల్లో నిద్రాణంగా ఉండి తిరగబెట్టే షింగిల్స్‌ వల్ల 12 శాతం పెరుగుతోంది. ఫ్లూ, కోవిడ్‌ వంటివి కొన్నాళ్లపాటు ముప్పును ఇంకా ఎక్కువగా పెంచుతాయి కానీ అవి వచ్చి పోయే జబ్బులు. పదేళ్ల లెక్క వేసే సాధనాన్ని తప్పుదారి పట్టించేవి ముఖ్యంగా ఒంట్లో తిష్ఠ వేసే వైరస్‌లే.

అవి గుండెను ఎలా దెబ్బతీస్తాయో కొంచెం తెలిస్తే, కాలిక్యులేటర్లు ఎక్కడ తడబడుతున్నాయో అర్థమవుతుంది. హెచ్‌ఐవీ సోకిన తొలి వారాల్లోనే పేగు గోడలో ఉండే సీడీ4 అనే రోగనిరోధక కణాలు పెద్ద సంఖ్యలో నశిస్తాయి. దాంతో పేగు గోడ కట్టడి సడలి, లోపలి బ్యాక్టీరియా శకలాలు కొద్దికొద్దిగా రక్తంలోకి జారుతుంటాయి. వాటిని పసిగట్టిన మోనోసైట్లు అనే తెల్ల కణాలు ఎప్పుడూ ఉద్రేకంగానే ఉండి, రక్తనాళాల లోపలి పొరను ఒరిపిడికి గురిచేస్తాయి. ఆ పొర కిందే కొవ్వు పేరుకుని పూడిక మొదలవుతుంది. మందులు వైరస్‌ను అణచగలవు గానీ ఈ రగులుడును పూర్తిగా చల్లార్చలేవు. ఒకప్పుడు ఇదంతా హెచ్‌ఐవీని అణచే ఏఆర్‌టీ మందుల దుష్ఫలితమేనన్న అనుమానం బలంగా ఉండేది. 2006లో ఫలితాలు వెల్లడించిన స్మార్ట్‌ అనే పెద్ద పరీక్ష ఆ అనుమానాన్ని చాలావరకు తలకిందులు చేసింది. 5,472 మందిలో కొందరికి మందులు నిరంతరంగా ఇచ్చి, మరికొందరికి సీడీ4 సంఖ్యను బట్టి మధ్యమధ్యలో ఆపి చూస్తే, ఆపినవారిలోనే మరణాలూ గుండె జబ్బులూ ఎక్కువయ్యాయి. హెపటైటిస్‌ సి దారి వేరు. అది కాలేయాన్ని ఆధారం చేసుకుని ఇన్సులిన్‌ పనిని మందగింపజేస్తుంది, కాలేయంలో కొవ్వు చేరేలా చేస్తుంది, ఒళ్లంతా ఒక సన్నపాటి వాపును ఏళ్ల తరబడి కొనసాగిస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తే, ఏళ్లుగా విస్తృతంగా వాడుకలో ఉన్నది పూల్డ్‌ కోహార్ట్‌ లెక్క కాబట్టి దానితోనే మొదలుపెడతాను. పేజీ శుభ్రంగా ఉంటుంది, అడిగే వివరాలు తక్కువ: వయసు, స్త్రీయా పురుషుడా, జాతి, మొత్తం కొలెస్టరాల్‌, మంచి కొలెస్టరాల్‌గా పిలిచే హెచ్‌డీఎల్‌, పై రక్తపోటు, దానికి మందులు వాడుతున్నారా, మధుమేహం ఉందా, పొగ తాగుతారా. ఒక్క రక్తపరీక్ష నివేదిక చేతిలో ఉంటే నిమిషంలో పని అయిపోతుంది. ఫలితం 5 శాతం లోపు అయితే తక్కువ ముప్పు, 5 నుంచి 7.5 లోపు అంచున ఉన్నట్టు, 7.5 నుంచి 20 లోపు మధ్యస్థం, 20 ఆపైన ఎక్కువ అని నాలుగు తరగతులు. 40 నుంచి 79 ఏళ్లవారికే ఇది వర్తిస్తుంది. వైరస్‌ గురించి అడిగే గడి ఇందులో లేదు. 2018 నాటి అమెరికా కొలెస్టరాల్‌ మార్గదర్శకాలు హెచ్‌ఐవీని ముప్పు పెంచే అంశాల జాబితాలో చేర్చిన మాట నిజమే గానీ, ఆ జాబితా వైద్యుడు అంకె చూశాక ఆలోచించడానికి ఉద్దేశించినది; అంకెలోకి అది చేరదు.

గడి లేకపోవడాన్ని చిన్న లోపంగా సరిపెట్టుకోవచ్చు. అంతకంటే ఇబ్బందికరమైనది ఇంకొకటుంది. ఉన్న గడుల్లో మనం నింపే అంకెలను కూడా వైరస్‌ మార్చేస్తుంది. హెపటైటిస్‌ సి వైరస్‌ కాలేయంనుంచి బయటికి వచ్చేటప్పుడు కొవ్వును మోసే కణాలనే వాహనంగా వాడుకుంటుంది, ఆ క్రమంలో రక్తంలోని ఎల్‌డీఎల్‌, అంటే చెడు కొలెస్టరాల్‌ తగ్గిపోతుంది. అంటే రక్తనాళాలకు చెరుపు జరుగుతున్న కాలంలోనే రక్తపరీక్ష నివేదిక మెచ్చుకోదగ్గదిగా కనిపిస్తుంది. దీని ప్రభావం ఎంతో చూడడానికి ఒక ఊహాత్మక మనిషి వివరాలతో లెక్క వేశాను. 55 ఏళ్ల పురుషుడు, జాతి గడిలో ఇతరులు, హెచ్‌డీఎల్‌ 45, మందులేవీ లేకుండా పై రక్తపోటు 130, మధుమేహం లేదు, పొగ అలవాటు లేదు. హెపటైటిస్‌ సి ఉన్న రోజుల్లో అతని మొత్తం కొలెస్టరాల్‌ 150 అనుకుంటే ఫలితం 4.5 శాతం, అంటే తక్కువ ముప్పు. ఇప్పుడు అదే మనిషి ఎనిమిది లేదా పన్నెండు వారాల కొత్త మందుల చికిత్స తీసుకున్నాడనుకుందాం. నూటికి 95 మందికి పైగా ఈ మందులతో వైరస్‌ పూర్తిగా పోతుంది, పోయాక కొలెస్టరాల్‌ పెరుగుతుంది. 150 కాస్తా 180 అయిందనుకుని మిగతా గడులేవీ ముట్టుకోకుండా మళ్లీ లెక్క వేస్తే 5.6 శాతం వస్తుంది. తరగతి మారి అతను అంచున ఉన్నవారి జాబితాలో పడతాడు.

జబ్బు నయమైన మనిషికి ముప్పు పెరిగిందని సాధనం చెబుతోందన్నమాట. వాస్తవంలో చికిత్సతో వైరస్‌ పోయినవారిలో గుండె జబ్బులు తగ్గుతున్నట్టు పలు పరిశీలనలు చెబుతున్నాయి. దీన్నిబట్టి 5.6 తప్పుడు అంకె అని కొట్టిపారేయకూడదు. వైరస్‌ కప్పిపుచ్చిన కొలెస్టరాల్‌ ఇప్పుడు బయటపడింది, కాబట్టి నిజానికి దగ్గరగా ఉన్నది 5.6. నమ్మరానిది అంతకుముందు చూసిన 4.5. చికిత్సకు ముందు కొలెస్టరాల్‌ బాగుందన్న ధీమాతో ఉన్నవారు చికిత్స అయ్యాక ఒకసారి మళ్లీ పరీక్ష చేయించుకోవాలని ఈ సాధనం ఎక్కడా గుర్తుచేయదు. హెచ్‌ఐవీలోనూ ఇటువంటిదే జరుగుతుంది. మందులు లేని దశలో మొత్తం కొలెస్టరాల్‌, ఎల్‌డీఎల్‌, హెచ్‌డీఎల్‌ అన్నీ పడిపోతాయి, మందులు మొదలుపెట్టి ఒంట్లో బలం పుంజుకునేకొద్దీ మళ్లీ పైకి వస్తాయి. ఆ పెరుగుదలలో కొంత మందుల వల్ల, కొంత ఆరోగ్యం తిరిగి రావడం వల్ల. విడదీసి చూడడం తేలిక కాదు.

అదే మనిషి పొగ గడిలో అవును అని నొక్కితే 5.6 ఒక్కసారిగా 10.4 అవుతుంది. పొగకు ఇచ్చిన ఈ బరువు సబబైనదే. అయితే హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తి విషయంలో, మాజీ సైనికుల అధ్యయనం చెప్పిన 48 శాతాన్ని మొరటుగా 5.6కు కలిపి చూస్తే 8.3 దాకా వస్తుంది, అది మధ్యస్థ ముప్పు. ఇలా గుణించడం పద్ధతి ప్రకారం చేసే లెక్క కాదు, ఎవరూ దాన్ని పట్టుకుని మందులు మొదలుపెట్టకూడదు. ఒక ప్రశ్న అడగకపోవడం వల్ల మనిషి రెండు తరగతుల మధ్య ఎటు పడతాడన్నది ఎంత సున్నితంగా మారుతుందో చూపడానికే ఆ అంకె ఇచ్చాను.

క్యూరిస్క్‌3 వద్దకు వచ్చేసరికి వాతావరణం మారుతుంది. 2017లో వెలువడిన ఈ సాధనాన్ని ఇంగ్లండ్‌లోని సాధారణ వైద్యుల వద్ద నమోదైన 78 లక్షలకు పైగా మనుషుల వివరాల మీద నిర్మించారు. 25 నుంచి 84 ఏళ్ల దాకా వర్తిస్తుంది. కిడ్నీ జబ్బు, కీళ్లవాతం, లూపస్‌, స్టిరాయిడ్‌ మాత్రలు, తీవ్ర మానసిక రుగ్మత, మైగ్రేన్‌ తలనొప్పి, రక్తపోటు ఒక రోజుకూ మరో రోజుకూ ఎంత మారుతోంది అనే దాకా అడుగుతుంది. జాతి గడిలో ఇండియన్‌, పాకిస్తానీ, బంగ్లాదేశీ అని విడివిడిగా ఎంచుకునే వీలుంది, ఇది అమెరికా సాధనంలోని ఇతరులు అనే మూటకంటే ఎంతో మెరుగు. ఫలితాన్ని శాతంలోనే కాక, మీ వయసూ మీ జాతీ ఉన్న ఆరోగ్యవంతుడితో పోల్చి, గుండె వయసు రూపంలో కూడా చూపుతుంది. 48 ఏళ్లవారికి గుండె వయసు 57 అని కనిపిస్తే, 6 శాతం అన్న అంకెకంటే అది త్వరగా మనసుకెక్కుతుంది. బ్రిటన్‌ పోస్ట్‌కోడ్‌ గడిని బయటివారు ఖాళీగా వదిలేయవచ్చు.

ఇంత వివరంగా అడిగే సాధనంలోనూ హెచ్‌ఐవీ లేదు. దీని వెనుక కథ ఆసక్తికరమైనది. తయారుచేసినవారు దాన్ని మరిచిపోలేదు. కొత్తగా చేర్చాలా అని పరీక్షించిన అంశాల్లో హెచ్‌ఐవీ కూడా ఉంది, మిగతావన్నీ నెగ్గాయి, ఇదొక్కటే గణాంక పరీక్షలో నిలవక బయట ఉండిపోయింది. గణాంకంలో తేలకపోవడం వేరు, ప్రభావం లేకపోవడం వేరు. ఈ తేడా పేజీ మీద ఎక్కడా కనిపించదు కాబట్టి, మైగ్రేన్‌కు గడి ఉండి హెచ్‌ఐవీకి లేకపోవడం చూసిన మామూలు మనిషి, వైరస్‌వల్ల గుండెకు ప్రమాదం ఏమీ లేదనే అర్థం చేసుకుంటాడు. బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలు నిర్ణయించే నైస్‌ సంస్థ తన 2023 మార్గదర్శకంలో, హెచ్‌ఐవీకి చికిత్స పొందుతున్నవారి విషయంలో ఈ సాధనం ముప్పును తక్కువ చేసి చూపవచ్చని హెచ్చరించింది. ఆ ఒక్క వాక్యాన్ని ఫలితం పక్కన ముద్రించి ఉంటే నా ఫిర్యాదు సగం తగ్గేది.

ప్రివెంట్‌ వీటన్నిటిలో కొత్తది, తీరైనది. 60 లక్షలకు పైగా మనుషుల వివరాలతో రూపొందింది. జాతిని పూర్తిగా తొలగించారు, 30 ఏళ్లనుంచే వాడవచ్చు, 59 ఏళ్ల లోపువారికి 30 ఏళ్ల ముప్పు కూడా చెబుతుంది. పాత సాధనాలు పట్టించుకోని గుండె వైఫల్యాన్ని విడిగా లెక్కిస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో గుండె వైఫల్యం కూడా ఎక్కువే కాబట్టి ఇది నాకు నచ్చిన మార్పు. చిన్న వయసులోనే వైరస్‌ సోకి, 35 ఏళ్లకే ఇరవై ఏళ్ల ఇన్‌ఫెక్షన్‌ చరిత్ర ఉన్నవారికి పూల్డ్‌ కోహార్ట్‌ అసలు లెక్కే వేయదు, ఇది కనీసం ఒక అంకె ఇస్తుంది. అయితే ఆ అంకె సాధారణంగా పాత సాధనం ఇచ్చేదానికంటే బాగా తక్కువ. జనాభా మొత్తానికి అది వాస్తవానికి దగ్గరైన సవరణే కావచ్చు. వైరస్‌ ఉన్నవారికి మాత్రం, అసలే తక్కువ చెబుతున్న సాధనానికి బదులు ఇంకా తక్కువ చెప్పే సాధనం వచ్చినట్టయింది.

ఇందులో నాకు ఎక్కువ ఆలోచన కలిగించినవి రెండు గడులు. మొదటిది కిడ్నీ పనితీరును చెప్పే ఈజీఎఫ్‌ఆర్‌. దీన్ని సాధారణంగా రక్తంలోని క్రియాటినిన్‌ అనే వ్యర్థ పదార్థాన్ని బట్టి లెక్కగడతారు. ఇప్పుడు హెచ్‌ఐవీ చికిత్సలో అత్యధికులు వాడుతున్న డోలుటెగ్రావిర్‌, క్రియాటినిన్‌ మూత్రంలోకి పోయే ఒక దారిని కొంత అడ్డుకుంటుంది. కిడ్నీకి ఏ హానీ లేకపోయినా క్రియాటినిన్‌ కొద్దిగా పెరిగి ఈజీఎఫ్‌ఆర్‌ తగ్గినట్టు కనిపిస్తుంది. కాలిక్యులేటర్‌ దాన్ని నిజమైన కిడ్నీ బలహీనతగా తీసుకుని ముప్పును కాస్త పెంచుతుంది. టెనోఫోవిర్‌ డిసోప్రాక్సిల్‌ అనే మరో హెచ్‌ఐవీ మందు వాడేవారిలో కిడ్నీ నిజంగానే దెబ్బతిని ఈజీఎఫ్‌ఆర్‌ తగ్గే సందర్భాలూ ఉన్నాయి. ఈ రెండు మందులూ చాలామందికి ఒకే మాత్రలో కలిపి ఇస్తారు కనుక, తగ్గిన అంకె ఏ కారణం వల్లనో వైద్యుడు తేల్చాల్సిందే తప్ప సాధనానికి తెలిసే దారి లేదు. రెండో గడి మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ. ఇది తప్పనిసరి కాదు, కావాలంటే నింపవచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో, ముఖ్యంగా ఎర్ర కణాల పరిమాణాన్ని పెంచే కొన్ని మందులు వాడేవారిలో, ఈ పరీక్ష అసలు చక్కెరకంటే తక్కువ చూపుతుందని తెలిసిన విషయమే. ఒక గడి ముప్పును అనవసరంగా పెంచుతుంటే ఇంకొకటి అనవసరంగా తగ్గిస్తుంది. రెండూ కలిసి సరిపోతాయని అనుకోవడం ఆశావాదమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ప్రపంచాన్ని 21 ప్రాంతాలుగా విడదీసి ఒక్కోదానికి ఒక్కో రంగుల పట్టిక ఇచ్చారు, 40 నుంచి 74 ఏళ్లవారికి. రక్తపరీక్ష లేకుండా బరువు, ఎత్తులతోనే చూసుకునే పట్టిక కూడా ఉండడం వీటి గొప్పతనం. వైరస్‌ ఊసు వీటిలోనూ లేదు. విచిత్రమేమిటంటే, వైరస్‌ వల్ల కొలెస్టరాల్‌ అడ్డంగా పడిపోయిన మనిషి విషయంలో, కొలెస్టరాల్‌ అడగని ఈ పట్టిక మోసపోయే అవకాశం కొంత తక్కువ.

డి:ఎ:డి సాధనం ఈ జాబితాలో అన్నిటికంటే పాతబడినట్టు కనిపిస్తుంది, ప్రశ్న అడగడంలో మాత్రం అన్నిటికంటే ముందుంది. ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియాల్లో హెచ్‌ఐవీ ఉన్నవారిని 1999 నుంచి అనుసరించిన పెద్ద అధ్యయనంలోంచి పుట్టిన దీన్ని 2016లో సవరించి ప్రచురించారు. మామూలు వివరాలతోపాటు ఇది సీడీ4 సంఖ్య ఎంత, ప్రొటియేజ్‌ ఇన్‌హిబిటర్‌ తరగతి మందులు మొత్తం ఎన్నేళ్లు వాడారు, ప్రస్తుతం అబాకవిర్‌ అనే హెచ్‌ఐవీ మందు తీసుకుంటున్నారా అని అడుగుతుంది. అబాకవిర్‌కూ గుండెపోటుకూ సంబంధాన్ని 2008లో మొదట గట్టిగా ఎత్తిచూపింది ఈ అధ్యయనమే, ఆ తర్వాత ఏళ్లపాటు దానిపై వాదోపవాదాలు నడిచాయి. కుటుంబంలో గుండె జబ్బు చరిత్ర కూడా ఇందులో ఉంది, పూల్డ్‌ కోహార్ట్‌లో అది కూడా ఉండదు. మందుల వివరాలు తెలియనివారి కోసం మామూలు వివరాలతోపాటు సీడీ4 మాత్రమే అడిగే సంక్షిప్త రూపమూ ఇచ్చారు. రోగి జబ్బు చరిత్రను అడిగి తెలుసుకుని అంకె చెప్పే మర్యాద ఈ ఒక్కదానికే ఉందనిపిస్తుంది.

లోపాలు ఉన్నాయి. ఫలితం ఐదేళ్లకే ఇస్తుంది, మిగతావి పదేళ్లకు; తెలియక రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నవారు డి:ఎ:డిలో ముప్పు సగమే ఉందని సంతోషపడే ప్రమాదం ఉంది. డోలుటెగ్రావిర్‌ వంటి ఇంటిగ్రేజ్‌ ఇన్‌హిబిటర్లు ఇందులో లేనేలేవు, అంటే నేటి రోగుల్లో ఎక్కువమంది వాడే మందుల గురించి దానికి తెలియదు. అధ్యయనంలో ఉన్నవారిలో పురుషులే ఎక్కువ, ఆసియా, ఆఫ్రికా దేశాలవారు తక్కువ. హెపటైటిస్‌ సి మాత్రమే ఉన్నవారికి ఇది వర్తించదు, అటువంటివారి కోసం ఇంత వాడుకలో ఉన్న ప్రత్యేక సాధనం ఏదీ నాకు తారసపడలేదు. హెపటైటిస్‌ బి విషయంలో గుండెతో సంబంధమే ఇంతవరకు నిలకడగా రుజువు కాలేదు కాబట్టి అక్కడ గడి లేదని తప్పుపట్టలేం.

ఈ కాలిక్యులేటర్లకు అసలైన పరీక్ష పెట్టింది 2023లో ఫలితాలు వెల్లడించిన రిప్రీవ్‌ అధ్యయనం. భారత్‌ సహా 12 దేశాలనుంచి, 40 నుంచి 75 ఏళ్ల మధ్య ఉండి ఏఆర్‌టీ వాడుతున్న 7,769 మందిని తీసుకున్నారు. వీరి ముప్పు అంకె మధ్యస్థ విలువ 4.5 శాతం. మామూలు నియమం ప్రకారం చాలామందికి స్టాటిన్‌ అవసరం లేదు. అయినా సగం మందికి రోజుకు 4 మి.గ్రా. పిటావాస్టాటిన్‌, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సగటున ఐదేళ్లు గడిచేసరికి స్టాటిన్‌ తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఘటనలు 35 శాతం తగ్గాయి, ఫలితం తేటతెల్లం కావడంతో అధ్యయనాన్ని గడువుకంటే ముందే ఆపేశారు. కొంతమందికి తీసిన గుండె సీటీ స్కాన్లలో దాదాపు సగం మందిలో రక్తనాళాల్లో పూడిక అప్పటికే మొదలై ఉంది. కాలిక్యులేటర్‌ తక్కువ ముప్పు అన్న మనుషుల సంగతి ఇది.

అయితే అదే అధ్యయనం సమాచారంతో పూల్డ్‌ కోహార్ట్‌ లెక్కలను సరిచూసినప్పుడు వచ్చిన ఫలితం, నాలాగా సాధనాన్ని విమర్శించేవారు కూడా నిదానించి ఆలోచించవలసినది. ధనిక దేశాల్లో స్త్రీల విషయంలోనూ నల్లజాతివారి విషయంలోనూ అది ముప్పును తక్కువ చెప్పింది, మధ్య ఆదాయ, అల్పాదాయ దేశాల్లో మాత్రం జరిగినదానికంటే ఎక్కువ చెప్పింది. అంటే హెచ్‌ఐవీ ఉన్నవారందరికీ ఒకే సవరణ గుణకం పెట్టి గుణించేస్తే సరిపోదు. ఎక్కడివారు, స్త్రీయా పురుషుడా అన్నదాన్నిబట్టి తప్పు దిశే మారిపోతోంది. అమెరికా నిపుణుల బృందం 2024లో అంకె మీద ఆధారపడడం తగ్గించి, హెచ్‌ఐవీ ఉండి 40 నుంచి 75 ఏళ్ల మధ్యవారికి ముప్పు 5 శాతం దాటితే మధ్యస్థ మోతాదు స్టాటిన్‌ సిఫార్సు చేసింది, 5 లోపు ఉన్నా మొగ్గు స్టాటిన్‌ వైపే అని చెప్పింది. కాలిక్యులేటర్ల మీద అంతకంటే ఘాటైన సమీక్ష ఇంకొకటి ఉండదు.

అంకె సరిపోనప్పుడు అదనపు పరీక్షల వైపు చూడడం సహజం. అక్కడా వైరస్‌ అడ్డం వస్తుంది. ఒంట్లో వాపును నేరుగా కొలిచే సీఆర్‌పీ పరీక్షను లెక్కలోకి తీసుకునే రేనాల్డ్స్‌ స్కోరు 2007లో స్త్రీలకు, 2008లో పురుషులకు వచ్చింది, ఆలోచన మంచిది. అయితే సీఆర్‌పీ తయారయ్యేది కాలేయంలో, హెపటైటిస్‌ సి ఉన్నవారిలో అది వాపుకు తగ్గట్టు పెరగకపోవచ్చు. రక్తనాళాల గోడల్లో సున్నం ఎంత పేరుకుందో స్కాన్‌తో చెప్పే కాల్షియం స్కోరుదీ ఇదే ఇబ్బంది. హెచ్‌ఐవీ ఉన్నవారి పూడికల్లో సున్నం ఇంకా చేరని మెత్తటి రకం ఎక్కువగా కనిపిస్తుంది, చిట్లి గుండెపోటు తెప్పించే స్వభావం ఎక్కువ ఉన్న రకం అదే. స్కోరు సున్నా వచ్చిందని వారికి పూర్తి భరోసా ఇవ్వడం కుదరదు.

ఐదింటిలో దేన్ని వాడమంటావు అని అడిగితే, హెచ్‌ఐవీ ఉన్నవారు మొదట డి:ఎ:డి పూర్తి రూపంతో ఒకసారి, క్యూరిస్క్‌3తో మరోసారి చూసుకుని, రెండు కాగితాలూ తమ వైద్యుడి ముందు పెట్టడం మంచిదంటాను. 40 దాటినవారు అంకె ఎంత తక్కువ వచ్చినా స్టాటిన్‌ ప్రస్తావన తామే తేవాలి. హెపటైటిస్‌ సి ఇంకా ఉన్నవారు ఏ సాధనంలోనైనా తక్కువ ముప్పు అని వస్తే దాన్ని తాత్కాలిక ఫలితంగానే చూడాలి, వైరస్‌ పోయాక కొన్ని నెలలకు కొత్త కొలెస్టరాల్‌ అంకెతో మళ్లీ వేసుకోవాలి. 40 లోపువారికి ప్రివెంట్‌లోని 30 ఏళ్ల లెక్క ఒక్కటే పనికొచ్చేది. పూల్డ్‌ కోహార్ట్‌ను వైరస్‌ ఉన్నవారికి నేను సిఫార్సు చేయను, వైద్యుడు దాన్నే వాడితే తప్పుపట్టను. పొగ, రక్తపోటు, చక్కెర ఈ మనుషుల్లో కూడా ముప్పులో పెద్ద వాటానే మోస్తాయి, ఆ భాగాన్ని అన్ని సాధనాలూ బాగానే పట్టుకుంటాయి.

స్టాటిన్‌ దాకా వెళ్లాలని తేలితే, ఏ స్టాటిన్‌ అన్నదాన్ని తేల్చడానికి ఇంకో ఉచిత సేవ ఉంది: లివర్‌పూల్‌ విశ్వవిద్యాలయం నడిపే మందుల పరస్పర ప్రభావాల పరిశీలన పేజీలు, హెచ్‌ఐవీకి ఒకటి, హెపటైటిస్‌కు ఒకటి. రెండు మందుల పేర్లు ఎంచుకుంటే ఎరుపు, కాషాయం, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో జవాబు ఇస్తుంది, కింద కారణం రెండు మూడు వాక్యాల్లో ఉంటుంది. రిటోనావిర్‌ లేదా కోబిసిస్టాట్‌ ఉన్న హెచ్‌ఐవీ మందులతో సిమ్వాస్టాటిన్‌ వాడరాదు, ఎందుకంటే అది ఒంట్లో పేరుకుని కండరాలను దెబ్బతీస్తుంది. హెపటైటిస్‌ సికి ఇచ్చే గ్లెకాప్రెవిర్‌, పిబ్రెంటాస్విర్‌ జోడీతో సిమ్వాస్టాటిన్‌ గానీ అటోర్వాస్టాటిన్‌ గానీ తగదు. రిప్రీవ్‌లో పిటావాస్టాటిన్‌ను ఎంచుకోవడానికి ఈ చిక్కులు తక్కువ ఉండడం ఒక ముఖ్య కారణం. పనితనంలో ఈ లివర్‌పూల్‌ సేవ ఈ సమీక్షలోని ఏ కాలిక్యులేటర్‌కూ తీసిపోదు. ఒక్కటే లోటు. ముప్పు లెక్క చెప్పే పేజీకీ మందు సరిపోతుందో లేదో చెప్పే పేజీకీ మధ్య ఏ లంకె లేదు. ఒకచోట వైరస్‌ పేరే అడగరు, ఇంకోచోట వైరస్‌ మందు పేరు చెప్పకపోతే పనే జరగదు. ఈ రెండిటి మధ్యా వివరాలు మోసుకెళ్లే పని ప్రస్తుతానికి రోగిదే.